గోడ మట్టం, మా అవ్వ పాల లెక్క

మేం చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మన సంఘం హాలు గోడలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పాత పూతంతా కొట్టేసి సిమెంటు పూసి, పుట్టీ పెట్టి అద్దంలా చేద్దామని కుర్రవాళ్లు అడుగుతున్నారు. వచ్చే మీటింగులో తీర్మానం ఉంది. చేతులెత్తే ముందు ఆ గోడల చరిత్ర కొంచెం వినండి.

మన మధురైలో తిరుమల నాయకుడి మహల్ అందరం చూసిందే. 1623 నుంచి 1659 వరకు ఏలిన తెలుగు దొర ఆయన. మహల్ 1636లో కట్టించాడు. అక్కడి ఇటుక పని మీద సున్నం పూత వేసి, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన మెత్తని సున్నంతో నున్నగా తేల్చారు. తర్వాత పాడుపడిన ఆ మహల్‌ని 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ బాగు చేయించాడు. ఆ పని తెలిసిన చేతులు అప్పటికింకా ఉన్నాయన్నమాట.

రాజు మహల్‌కి తెల్లసొన, మన ఇళ్లకి కరక్కాయ, బెల్లం. సున్నపురాయో గుల్లలో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగ్గొట్టి, ఇసుక కలిపి ఎద్దు లాగే గానుగలో నూరేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టి పులిసిన నీళ్లు అందులో పోసేవారు. ఆ సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లమెల్లగా గట్టిపడుతుంది. గోడలోని తేమనీ బయటికి వదులుతుంది.

మరి గోడ ఎందుకు వంకర? చేత్తో కోసిన నాటు ఇటుక ఒకటున్నట్టు ఇంకొకటి ఉండదు. ఒకటిన్నర అడుగు మందం గోడకి రెండు ముఖాలూ సమంగా రావు. కొత్తనారు (ఆంధ్రాలో తాపీమేస్త్రీ అంటారు) గోడ ఎలా పోతే పూత అలా పోనిచ్చేవాడు. మట్టం సరిచేయాలని ఒక్కసారే మందంగా పూస్తే పగులుతుందని అతనికి తెలుసు.

సిమెంటు మన వైపు సులువుగా దొరికింది తర్వాతే. కోయంబత్తూరు పక్కన మదుక్కరైలో 1934లో ఫ్యాక్టరీ వచ్చింది, తిరునెల్వేలి పక్కన తాళయూత్తులో 1949లో. త్వరగా గట్టిపడుతుంది, గానుగ అక్కర్లేదు. చదునైన గోడ ఉంటేనే ఇల్లు అనే గౌరవం అప్పుడు మొదలైంది.

ఆ గౌరవానికి మేమూ పడిపోయాం. ఉద్యోగంలో ఉన్నప్పుడు పీఎఫ్ లోను తీసి తాతల నాటి ఇంటికి సిమెంటు పూయించాం. నాన్న వద్దురా అన్నారు, వినలేదు. నాలుగు వానాకాలాలు గడిచేసరికి కింది నాలుగు అడుగులూ ఉబ్బి ఉప్పు పూసింది. నేల నుంచి ఎక్కిన తేమకి బయటికి దారి లేక, లోపలే ఉప్పు పేరుకుని పూతని తోసేసింది.

పోయింది డబ్బొకటే అయితే ఇదంతా రాసేవాళ్లం కాదు. వంటింటి తలుపు పక్కన సున్నం గోడ మీద మా అవ్వ బొగ్గుతో ఏదో రాసి పెట్టేది. అవి తెలుగు అక్షరాలని తెలుసు, చదవడం రాదు. పాల లెక్క అని నాన్న అనేవారు. కొత్తనారు ఉలి పెట్టే ముందు, "సామీ, ఏదో రాసుంది, కొట్టేదా?" అని అడిగాడు. కొట్టమన్నది మేమే. ఇప్పుడు అక్షరాలు వచ్చు, గోడ లేదు. మా ఇంట్లో తెలుగులో రాసినది అదొక్కటే.

కాబట్టి మా మనవి ఇది. ముందు తేమ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపాలి. రాత్రిపూట గోడకి ఆనించి దీపం పెడితే ఎత్తుపల్లాలు నీడలో తెలుస్తాయి. ఆరడుగుల పట్టీ ఆనించి సందు కొలవాలి, గుండు వేసి నిటారు చూడాలి. వేలితో తట్టి, బోలుగా మోగినచోట మాత్రమే పూత తీయాలి. గోడ తడిపి, సున్నం ఇసుక పూత అరంగుళం మించకుండా వేసి, అది గట్టిపడ్డాకే రెండోది వేయాలి. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్ల పనికే. అంగుళం గుంతలో నింపితే రాలిపోతుంది.

సున్నం పనికి రోజులు ఎక్కువ పడతాయి, కూలీ ఎక్కువ, తెలిసిన కొత్తనార్లు తక్కువ. కొత్త ఇల్లయితే సిమెంటే పూయండి, కాదనం. హాలు మాత్రం మన తాతలు కట్టింది. వేదిక వెనక గోడ మీద చందాలిచ్చిన వాళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, సగం సున్నం కింద మరుగున పడ్డాయి. ఉలి పెట్టేలోపు పిల్లల్ని తీసుకొచ్చి ఒకసారి చదివించండి.