బద్బూలోంచి పుట్టిన మంట

పోయిన ఇత్వార్ మా బేటీ నిజాంపట్నం రేవు నుంచి డబ్బా నిండా చేపల తుక్కు తెచ్చింది. బాపట్లలో బీటెక్ చదువుతోంది. ఆ తుక్కుతో గ్యాస్ తీయడం తన ప్రాజెక్టు. "తోబా! ఈ బద్బూ ఇంట్లోకి వద్దు" అని మా అమ్మీ కేకేసింది.

నాకు నానా గుర్తొచ్చారు. తెనాలిలో పచ్చితోళ్ల వ్యాపారి. ఉర్దూ మీడియం స్కూల్లో ఎవరైనా అడిగితే "తిజారత్" అని మాత్రం చెప్పేవాణ్ణి. ఏం తిజారతో చెప్పడానికి షరమ్.

ఆ షరమ్ పోగొట్టింది డాక్టర్ యలవర్తి నాయుడమ్మ కథ. 1922 సెప్టెంబర్ 10న తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టారు. ఇప్పుడా ఊరు రేపల్లె డివిజన్‌లో, బాపట్ల జిల్లాలో ఉంది. బెనారస్‌లో ఇండస్ట్రియల్ కెమిస్ట్రీ చదివి, అమెరికాలోని లీహై యూనివర్సిటీలో డాక్టరేట్ చేశారు. అంత ఇల్మ్ ఉండి ఆయన ఎంచుకున్నది తోలు, నలుగురూ ముక్కు మూసుకునే పని. 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టర్. ల్యాబ్‌లోని హునర్ మజ్దూర్ చేతికి అందాలన్నది ఆయన పట్టు.

నానా తోళ్లు వెళ్లింది మద్రాసు వైపే. అక్కడికి పడమట ఆంబూరు, వాణియంబాడి, మేల్విషారం మన బిరాదరీ తరాలుగా తోలు పనితో రోజీ సంపాదించుకున్న ఊళ్లు. ఆ రోజీయే పాలారు నీళ్లను పాడు చేసింది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు టానరీలకు తలా 10,000 రూపాయల జుర్మానా వేసింది. గడువులోగా మురుగు శుద్ధి ఏర్పాటు చేసుకోకపోతే మూసెయ్యమంది. ఒక వైపు రోజీ, మరో వైపు తాగే నీళ్లు.

దారి కొంత ఆ మురుగులోనే దొరికింది. తోలు లోపలి వైపు గీకితే కొవ్వు, కండ తుక్కు వస్తుంది. గాలి చొరని తొట్టిలో వేస్తే సూక్ష్మజీవులు దాన్ని మీథేన్‌గా మారుస్తాయి. బయట కుళ్లితే అదే మీథేన్ ఆకాశానికి చేరి, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. పట్టుకుని మండిస్తే పొయ్యికి మంట, ఇంజనుకు బలం. నాయుడమ్మ నడిపిన ఆ సంస్థ శాస్త్రవేత్తలే మేల్విషారం టానరీల ఉమ్మడి శుద్ధి కేంద్రంలో ఇలాంటి ప్లాంట్ నిలబెట్టారు.

అది ఆయన చూడలేదు. 1985 జూన్ 23న ఐర్లాండ్ దగ్గర సముద్రంలో కూలిన కనిష్క విమానంలో పోయిన 329 మందిలో ఆయనా ఉన్నారు.

ఇదంతా బేటీకి చెప్తుంటే అమ్మీ తలుపు దగ్గర నిలబడి వింటోంది. కాసేపటికి, "మా అబ్బా కుర్తా కూడా ఇలాగే వాసనొచ్చేది. ఆ కుర్తాయే మా నలుగురినీ చదివించింది" అంది. పెరట్లో జామచెట్టు కింద డబ్బాకు తనే జగా చూపించింది.