బెనాయా

యెహోయాదా కుమారుడగు బెనాయా హీబ్రూ ధర్మగ్రంథములలో దావీదు, సొలొమోను రాజుల కొలువున పేర్కొనబడిన యోధుడు. యూదా దేశపు దక్షిణాంతమున, ఎదోము సరిహద్దు దిక్కున నుండిన కబ్సెయేలు ఇతని వంశమువారి ఊరు. కాలము సంప్రదాయ గణనము ననుసరించి క్రీ. పూ. 10వ శతాబ్ది. సమూయేలు రెండవ గ్రంథమునందును, రాజుల, దినవృత్తాంతముల మొదటి గ్రంథములయందును ఇతని వృత్తాంతము చెదరియున్నదేకాని, ఏ గ్రంథమును ఇతనికొక అధ్యాయమును ప్రత్యేకింపలేదు.

దావీదు శూరుల పట్టికలో ఇతని సాహసకృత్యములు మూడు చెప్పబడినవి. మోయాబు వీరుల నిరువురను హతమార్చుట మొదటిది. మంచు కురిసిన దినమున గోతిలోనికి దిగి సింహమును చంపుట రెండవది. మూడవదానియందు, ఈటె ధరించిన ఐగుప్తీయుని పైకి ఇతడు చేతికఱ్ఱ మాత్రమే పట్టుకొని పోయి, వాని చేతిలోని యీటెనే ఊడబెఱికి, దానితోనే వానిని పొడిచి చంపెను. దినవృత్తాంతకారుడు ఆ ఐగుప్తీయుని పొడవు అయిదు మూరలనియు, వాని యీటె నేతగాని దోనె వంటిదనియు చేర్చినాడు. గొల్యాతు ఈటెను గూర్చి చెప్పిన మాటయే ఇచట మరల వినబడుచుండుటచే, పూర్వకథయొక్క ఛాయ దీనిపై పడినదని తోచును. ఇన్ని చేసియు ఇతడు ఆ పట్టికలోని ముప్పదిమంది శూరులలో ఘనుడనిపించుకొనెనే కాని, మొదటి ముగ్గురి పంక్తిలో చేరలేదు.

అయినను చరిత్రదృష్టితో చూచినచో, సింహవధకన్న ఇతడు వహించిన పదవియే ముఖ్యము. దావీదు ఇతనిని తన దేహసంరక్షక దళమునకు, అనగా కెరేతీయులకును పెలేతీయులకును అధిపతిగా నియమించెను. వీరు ఇశ్రాయేలు గోత్రములకు చెందక రాజునొక్కనినే ఆశ్రయించియుండిన పరదేశీయులని పండితులు తలంతురు. దావీదు కొడుకగు అబ్షాలోము తిరుగుబాటున రాజు నగరము విడిచినపుడు వీరాతనితోనే నడచిరి. దేశపు సేన యంతయు యోవాబు చేతిలో నుండగా, అంతఃపురద్వారము బెనాయా చేతిలో నుండెను.

ఈ భేదము దావీదు వార్ధక్యమున బయటపడినది. రాజకుమారుడగు అదోనీయా, యోవాబును యాజకుడగు అబ్యాతారును తోడుచేసికొని ఏన్‌రోగేలువద్ద విందుచేసి రాజ్యమాశింపగా, ఆ విందునకు పిలువబడని బెనాయా, యాజకుడగు సాదోకుతోను ప్రవక్తయగు నాతానుతోను కలిసి, సొలొమోనును రాజు కంచరగాడిదపై నెక్కించి గిహోనునకు కొనిపోయి పట్టాభిషేకము జరిపించెను. పిమ్మట సొలొమోను ఆజ్ఞచే అదోనీయాను చంపినవాడితడే. యోవాబు యెహోవా గుడారములోనికి పరుగెత్తి బలిపీఠపు కొమ్ములు పట్టుకొని, బయటికి రమ్మనినను రాక, అచటనే చత్తునని పలికినపుడు, బెనాయా అతనిపై చేయి చేసికొనక, మరలివచ్చి రాజునకు విన్నవించి, తిరిగి యాజ్ఞయైన పిమ్మటనే వధించెను. దినవృత్తాంతములలో ఇతని తండ్రి యాజకుడని యున్నది. యాజకుని కొడుకు బలిపీఠము నెదుట క్షణకాలము వెనుదీయుట వింతగాదు. మూడేండ్లు గడచిన పిదప, పారిపోయిన దాసులకై గాతునకు పోయి, యెరూషలేము విడువరాదను రాజాజ్ఞ నతిక్రమించిన, పూర్వము దావీదును శపించిన షిమీయు ఇతని చేతనే మడిసెను. యోవాబు స్థానమున సేనాధిపత్యము ఇతనికి లభించినదిగాని, ఆ హోదాలో ఇతడు చేసిన యుద్ధమొక్కటియు గ్రంథస్థము కాలేదు.

అనంతరకాలపు యూదు ఆచార్యులు ఈ ఖడ్గధారిని వేఱొక రూపమున చూచిరి. తాల్మూదులోని యొక కథలో ఇతడు దేవాలయ నిర్మాణమునకై భూతరాజగు అష్మెదాయిని పట్టబోయి, వాని తొట్టిలోని నీరు తీసివేసి ద్రాక్షారసము నింపి, మత్తిల్లిన వానిని దైవనామాంకితమైన గొలుసుతో బంధించి సొలొమోను నెదుటికి తెచ్చెను. అందే మఱియొకచోట, మంచు దినమున సింహమును చంపుట యనగా శీతకాలపు ఒక్క పగటిలో ధర్మవ్యాఖ్యాన గ్రంథము నొకదానిని ఆద్యంతము పఠించుటయే యని కొందఱు అర్థము చెప్పిరి. సమూయేలు గ్రంథమున ఈ యన్వయమునకు ఆధారము లేదు.