శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం: ఒక నిబంధన, బురదలో దాని జాడ

చరిత్ర రచనకు ప్రాథమిక ఆధారాలంటే శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్తావేజులు అని మీరు ఇదివరకే చదివారు. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాలను అధ్యయనం చేసేటప్పుడు ఈ జాబితా చాలదు. ఒక ప్రభుత్వ నిబంధన ఫలితం కొన్నిసార్లు ఫైళ్లలో కాక జంతువుల కొవ్వులోనూ, నీటి అడుగు బురదలోనూ కనిపిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1975లో తెచ్చిన 'టెక్నికల్ బులెటిన్ 117' అలాంటి నిబంధన.

సోఫాలు, కుర్చీలలో వాడే పాలీయురెథేన్ ఫోమ్ చిన్న మంటను 12 సెకన్లపాటు తట్టుకోవాలన్నది దాని సారం. ఉద్దేశం మంచిదే. ఆర్పకుండా వదిలేసిన సిగరెట్ల వల్ల ఇళ్లు తగలబడి మనుషులు చనిపోతున్న రోజులవి. అయితే పరీక్షించింది పైగుడ్డ లేని వట్టి ఫోమ్‌ను. నిజమైన ప్రమాదంలో ముందు అంటుకునేది పైగుడ్డ. ఆ మంట పెద్దదై ఫోమ్‌ను చేరేసరికి 12 సెకన్ల రక్షణ అక్కరకు రాదు. సిగరెట్లనే మార్చాలన్న ఒత్తిడి తమపై పడకుండా పొగాకు కంపెనీలు ఫర్నిచర్ నిబంధనలను ప్రోత్సహించాయని 2012లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక వెల్లడించింది. ఒక నిబంధనను చదివేటప్పుడు అది ఎవరి భారాన్ని ఎవరిమీదికి మార్చిందో కూడా అడగాలని నేను చెప్పడం అందుకే.

నిబంధనను పాటించడానికి తయారీదారులు ఎక్కువగా ఎంచుకున్నది పెంటా అనే మిశ్రమం. ఇది పీబీడీఈలనే బ్రోమిన్ రసాయనాల కుటుంబంలోనిది. కాలిఫోర్నియా మార్కెట్ పెద్దది కాబట్టి, దాని కోసం చేసిన ఫోమే దేశమంతటా అమ్ముడైంది. 2001లో ప్రపంచం వాడిన సుమారు 7,500 టన్నుల పెంటాలో 7,100 టన్నులు అమెరికా ఖండాల్లోనే ఖర్చయ్యాయి. ఈ రసాయనం ఫోమ్‌లో కలిసి ఉంటుందే తప్ప దానితో రసాయనిక బంధం ఏర్పరచుకోదు. అందువల్ల మెల్లగా బయటపడి ఇంటి దుమ్ములో చేరుతుంది. బట్టలు ఉతికిన నీటితో, ఇల్లు తుడిచిన నీటితో మురుగుకాలువకు, అక్కడినుంచి అఖాతానికి చేరుతుంది. నీటిలో కరగదు, కొవ్వులో నిలుస్తుంది. బురదలోని పురుగు నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు పోయేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది.

ఆ అఖాతంలో ఏడాది పొడవునా ఉండే జంతువు హార్బర్ సీల్. 1989 నుంచి 1998 వరకు సేకరించిన సీళ్ల కొవ్వును పరీక్షించి శాస్త్రవేత్తలు 2002లో ఫలితాలు ప్రచురించారు. గ్రాము కొవ్వులో 88 నానోగ్రాముల నుంచి 8,325 నానోగ్రాములకు! సుమారు 1.8 ఏళ్లకొకసారి రెట్టింపవుతోందని వారు లెక్కగట్టారు. నమూనాల సంఖ్య పెద్దదేమీ కాదు, కానీ పెరుగుదల దిశ విషయంలో సందేహం లేదు. ఆ అధ్యయనంలోనే అఖాతం ప్రాంతపు మహిళల శరీర కొవ్వును కూడా పరీక్షించారు. అందులో దొరికిన మోతాదు అప్పటివరకు మనుషులలో నమోదైన వాటిలోకెల్లా ఎక్కువ. థైరాయిడ్ హార్మోన్ల పనికీ, పసిపిల్లల మెదడు ఎదుగుదలకూ అడ్డుపడే రసాయనాలివి.

ఆ తర్వాత చర్యలు త్వరగానే వచ్చాయి. 2003లో కాలిఫోర్నియా నిషేధ చట్టం చేసింది. 2004 చివరికి అమెరికాలో పెంటా ఉత్పత్తి ఆగింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందపు నిషేధ జాబితాలో చేరింది. ఆ నిషేధానికి భారత ప్రభుత్వం 2020లో ఆమోదం తెలిపింది.

మరి అఖాతం ఏమైంది? 2012 నాటికి ఆల్చిప్పల వంటి జీవుల్లో పీబీడీఈలు 74 నుంచి 95 శాతం తగ్గాయి. నీటిపక్షుల గుడ్లలో 74 నుంచి 80 శాతం తగ్గాయి. బురద మాత్రం నెమ్మది. పెంటాలోని ముఖ్య భాగమైన బీడీఈ-47 అక్కడ మూడో వంతుకు కాస్త పైగా తగ్గింది. టీవీ పెట్టెల ప్లాస్టిక్‌లో వాడిన డెకా రకంలో స్పష్టమైన తగ్గుదలే కనిపించలేదు. అది అంతర్జాతీయ జాబితాకెక్కింది 2017లో.

ఇక్కడ తేదీలను జాగ్రత్తగా చూడండి. పెంటా 2004లో పోయింది. దానిని వాడక తప్పని పరిస్థితి తెచ్చిన 12 సెకన్ల పరీక్ష 2013 దాకా మారలేదు. నడుమ ఉన్న తొమ్మిదేళ్లలో తయారీదారులు ఫోమ్‌లో వేరే రసాయనాలు కలిపారు. వాటిలో ఒకటి క్లోరిన్ గల ట్రిస్. పిల్లల రాత్రిదుస్తులలో హానికరమని 1970వ దశకం చివరలోనే తొలగించిన రసాయనమది. దాని జాడ కూడా ఇప్పుడు అదే అఖాతపు నీటిలో దొరుకుతోంది.