కట్టెల బూడిద

పొయ్యి బూడిదను ఎరువు అనడం కంటే సున్నానికి తమ్ముడు అనడమే సబబు. కట్టె కాలేటప్పుడు నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. కాల్షియం, పొటాష్, కొద్దిపాటి భాస్వరం మిగులుతాయి. అందుకే అది ఆమ్ల నేలల పులుపు విరిచి పైరుకు మేలు చేస్తుంది. పొటాష్ నీటిలో ఇట్టే కరుగుతుంది కనుక వానకు నానిన బూడిదలో అది పెద్దగా మిగలదు. తాతల నాటి నుంచీ పెరట్లో చల్లుతున్నాం, ఏం నష్టం జరిగిందని అడిగేవారున్నారు. ఆ చల్లింది గుప్పెళ్లలో. మిగతాది పెంటకుప్పలో పేడతో కలిసి మాగేది. ఉదజని సూచిక 8 దాటిన నల్లరేగడికో చౌడు నేలకో అదే బూడిదను బండ్లకొద్దీ తోలితే ఇనుము, జింకు మొక్కకు అందక లేతాకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి పాలిపోతాయి. యూరియాతో కలిపి చల్లితే నత్రజని అమ్మోనియాగా గాలిపాలవుతుంది. చిక్కుడుపాదు మీద పేనుబంకకు చల్లే పిడికెడు సంగతి వేరు.