ఫ్లెక్సో ప్లేటు అమరిక, ప్రూఫు

మెత్తని రబ్బరు లేదా ఫోటోపాలిమర్ ప్లేటును సిలిండర్‌కు అతికించి, అచ్చు మొదలుకాకముందే సరిచూసుకునే పని. పశ్చిమ గోదావరి జిల్లాలో వరి పండే పెనుగొండ వంటి ఊళ్లకు ఇది దూరపు విషయం కాదు: ప్లాస్టిక్ నేత బియ్యం సంచుల మీద బ్రాండు పేరు, బొమ్మ తరచుగా ఫ్లెక్సో పద్ధతిలో పడతాయి.

చదునుగా తయారైన ప్లేటు సిలిండర్ చుట్టూ వంగగానే పైముఖం సాగుతుంది. 2.84 మి.మీ. మందమున్న ప్లేటు పూర్తి చుట్టు తిరిగితే ఆ సాగుదల దాదాపు 17 మి.మీ. ఉంటుంది. సిలిండర్ చిన్నదైనా పెద్దదైనా ఇది మారదు. అందుకే డిజైన్‌ను ముందే ఆ మేరకు కుదించి ప్లేటు చేస్తారు. ఈ లెక్క తప్పితే ఎంత నేర్పుగా అతికించినా గుండ్రటి ముద్ర కోడిగుడ్డులా సాగిపోతుంది.

సిలిండర్‌ను దుమ్ము, నూనె లేకుండా తుడిచి, రెండువైపులా జిగురున్న టేపు వేస్తారు. టేపు కింద గాలిబుడగ మిగిలితే అక్కడ ప్లేటు ఉబ్బి రంగు ముద్దగా పడుతుంది. ప్లేటు మీది గుర్తులను కెమెరాలో గీతకు కలిపి, మధ్య నుంచి అంచులకు నొక్కుతారు. ఒక్కో రంగు ప్లేటునూ ఒకే కాగితం మీద అచ్చు తీసి, గుర్తులు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయో లేదో చూడడమే ప్రూఫు. తప్పు ఇక్కడే దొరకాలి. మిషన్ ఎక్కాక దొరికితే సంచులు, సిరా, సమయం అన్నీ నష్టమే.

2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ రావడంతో, ఆ పరిమితి దాటేలా 26 కిలోల సంచులు వాడుకలోకి వచ్చాయి. ఆ ఒక్క అంకె కోసం ప్లేటు మార్చి, మళ్లీ ప్రూఫు తీయాల్సిందే.