సంతాన నియమనము - గృహిణికి గల ప్రతిబంధకములు: ఒక చారిత్రక పరిశీలనము

వివాహిత స్త్రీలు సంతాన నియమన సాధనములను ఏల స్వీకరింపకుండిరి? ఈ ప్రశ్నకు మన దేశమున చిరకాలముగా వినవచ్చు సమాధానము ఒక్కటియే: వారి అజ్ఞానము, మూఢవిశ్వాసము. ఈ సమాధానము చరిత్ర యెదుట నిలుచునా యని పరిశీలించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఆచారమునకు బలము లేదని మేము అనము. పిల్లాపాపలతో వర్ధిల్లుమని వధువును దీవించు సమాజము మనది. పున్నామ నరకము నుండి తరింపజేయువాడు పుత్రుడను విశ్వాసము తరతరములుగా వచ్చుచున్నది. శిశుమరణములు మెండుగా నున్న కాలమున పలువురు బిడ్డలను కోరుట అవివేకమును కాదు. కన్నవారిలో ఎందఱు దక్కుదురో ఏ తల్లికిని తెలియదు. పైగా కోడలి కాన్పులను గూర్చి నిర్ణయించువారు సామాన్యముగా భర్తయు, అత్తయు గాని ఆమె కాదు. కావున మొదటి ప్రతిబంధకము అజ్ఞానము కంటె అస్వాతంత్ర్యమనుట యుక్తము.

ఈ విషయము 1935 నాటి ఒక సంవాదమున స్పష్టమగును. అప్పటికి రఘునాథ ధోండో కర్వే బొంబాయిలో 1921లోనే సంతాన నియమన కేంద్రము తెరచియుండెను. మైసూరు సంస్థానము 1930లో ప్రభుత్వపక్షముననే అట్టి కేంద్రములను నెలకొల్పెను. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగర్ వార్ధాలో గాంధీమహాత్ముని దర్శించి చర్చించెను. ఆయన కృత్రిమ సాధనములను అంగీకరింపక, ఆత్మనిగ్రహమును బోధించెను. భార్య భర్తను వారించుట నేర్వవలెనని ఆయన అభిప్రాయము. స్త్రీకి నిరాకరించు హక్కు కలదని గుర్తించుటలో ఈ మాట గొప్పది. కాని ఆ హక్కు చెల్లుబాటగు గృహములు నాడెన్ని యుండెను?

స్వతంత్ర భారతము 1952లో కుటుంబ నియంత్రణమును జాతీయ కార్యక్రమముగా చేపట్టెను. తొలుత రామనగరములోను, ఢిల్లీలోని లోడీ కాలనీలోను దినగణన పద్ధతిని పరీక్షించిరి. సురక్షిత దినములు తెలియుటకై స్త్రీలకు రంగురంగుల పూసల దండల నిచ్చిరి. ఋతుక్రమము అందఱికి ఒకే తీరున నుండదు. దండ భార్య చేతిలో నున్నను, దినమును పాటించుట భర్త చేతిలో నుండెను. ఆ ప్రయత్నము ఫలింపలేదు.

1965లో లూపు వచ్చెను. 1966-67లో తొమ్మిది లక్షలకు పైగా స్త్రీలు దానిని వేయించుకొనిరి. మూఢవిశ్వాసమే అడ్డంకియైనచో ఇంతమంది ముందుకు వచ్చియుండరు గదా! కాని రక్తస్రావము, నొప్పి కలిగినప్పుడు చూచు వైద్యురాలు చాలచోట్ల లేదు. ఒకరి బాధను విని పదుగురు వెనుదీసిరి. దీనిని భయమనుట కంటె అనుభవమనుట న్యాయము.

పిమ్మట అత్యవసర పరిస్థితి వచ్చెను. 1976-77లో జరిగిన 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలలో సుమారు 62 లక్షలు పురుషులకు చేసినవి. ఆ నిర్బంధమునకు ప్రజలు 1977 ఎన్నికలలో బదులు చెప్పిరి. శాఖ పేరు కుటుంబ సంక్షేమముగా మాఱెను. భారము మాత్రము పురుషుని భుజము నుండి స్త్రీ భుజమునకు మాఱెను. వేసెక్టమీ సులభతరమైనదే యైనను, బలము తగ్గునను అపోహచే భర్తలు తొలగిరి. భార్యలే శస్త్రచికిత్సకు ముందుకు వచ్చిరి.

తెలుగుభాషయే దీనికి సాక్ష్యము. మన పల్లెలలో "ఆపరేషను చేయించుకొన్నది" అన్నచో ఏ ఆపరేషనో వివరింప నక్కఱలేదు. పత్రికలకు "కు.ని." అను రెండక్షరములే చాలినవి. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి 71.1 మంది ఏదో యొక పద్ధతి నవలంబించుచుండగా, 69.6 మందికి అది ట్యూబెక్టమీయే. దేశమంతటను వేసెక్టమీ నూటికి 0.3 మాత్రమే. నియమనమే లేని స్థితి నుండి ఎన్నిక లేని స్థితికి వచ్చితిమి. కాన్పుల నడుమ వ్యవధి కోరు యువతికి మాత్రలు, కాపర్-టి మున్నగునవి ఉన్నవన్న మాటయే గాని, వాడుక కానరాదు. పలువురు ముప్పదవ ఏడు రాకముందే శాశ్వత మార్గమును పట్టుచున్నారు.

శిబిరములలో లెక్కకై తొందరపడిన ఫలితము 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వద్ద కనబడెను. పదిమందికి మించి తల్లులు మరణించిరి. 2016లో సర్వోన్నత న్యాయస్థానము మూడేండ్లలో శిబిరములను నిలుపవలెనని ఆదేశించెను.

1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఇద్దఱికి మించి సంతానము గలవారిని స్థానిక సంస్థల పోటీకి అనర్హులను గావించెను. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించెను. తక్కువ కనుమన్న రాజ్యమే ఎక్కువ కనుమను కాలము వచ్చినది. రెండు బోధలలోను లోపించినది ఒక్కటియే: నీ కోరిక యేమని ఆ తల్లిని అడుగుట. ఆ ప్రశ్న అడుగనంతకాలము, ఆమెను అజ్ఞానియనుట చరిత్రకు సమ్మతము కాదని మా నిశ్చితాభిప్రాయము.