చీట్లపేకకు అంటగట్టిన ప్రాచీనత

టారో చీట్లు పరచుకొని, ఒంటిలోని చక్రాలను తలచుకొని మనసు అలసటకు ఊరట వెదుక్కొనేవారిని పరిహసించటం న్యాయం కాదు. ఆ అలసట నిజం. అబద్ధమల్లా వాటికి అంటగట్టిన అనాదిత్వమే.

టారో 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. 1781లో పారిస్ పండితుడు కూర్ ద జెబెలాఁ అది ఈజిప్టు పూజారుల గ్రంథమన్నాడు. ఈజిప్టు చిత్రలిపిని షాంపోలియాఁ ఛేదించింది 1822లో! చక్రాలు మాత్రం తంత్రగ్రంథాలలో ఉన్నవే. కాని 1577లో పూర్ణానందుడు మణిపూర పద్మాన్ని మేఘవర్ణమన్నాడు. నేటి ఇంద్రధనుస్సు వరుసలో అది పసుపు. ఆ వరుస 20వ శతాబ్దపు పాశ్చాత్యుల కూర్పు.

నేటికీ విరివిగా అమ్ముడుపోయే పేక 1909లో లండన్‌లో అచ్చయింది. ప్రచురణకర్త రైడర్ పేర, రూపకల్పన చేసిన వేయిట్ పేర చలామణీ అయింది. బొమ్మలన్నీ వేసినది పమేలా కోల్మన్ స్మిత్. పెద్ద పనికి బహుకొద్ది డబ్బని ఆ యేడే ఒక లేఖలో రాసుకొంది. 1951లో అప్పులతో కన్నుమూసింది.